వృద్ధుల మెడ వెన్ను శస్త్రచికిత్స: ఫలితాలు, ప్రమాదాల చారిత్రక పరిశీలన – కురుపాం నేపథ్యం

ప్రవేశిక

వయసు పైబడిన కొద్దీ మెడ వెన్నుపూసల మధ్య ఉండే బిళ్ళలు అరుగుతాయి. ఎముక అంచులు పెరిగి, బంధనాలు దళసరెక్కి, వెన్నుపాము సాగే నాళం ఇరుకవుతుంది. చేతి పట్టు తప్పడం, నడక తూలడం దీని తొలి గుర్తులు. ఇవి చాలాకాలం ముసలితనపు లక్షణాలుగానే భావింపబడ్డాయి. వీటిని చికిత్స చేయదగిన వ్యాధిగా గుర్తించిన క్రమాన్ని, ఆ చికిత్సకూ కురుపాం మన్యానికీ మధ్యనున్న దూరాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

శస్త్రచికిత్స వికాసం

1952లో బ్రిటన్‌కు చెందిన రస్సెల్ బ్రెయిన్ బృందం మెడ పూసల అరుగుదలకూ వెన్నుపాము దెబ్బతినడానికీ ఉన్న సంబంధాన్ని విపులీకరించింది. తొలినాళ్ళలో మెడ వెనుకనుండి ఎముక పలకలను తొలగించడమే ప్రధాన మార్గం. 1950ల ద్వితీయార్ధంలో అమెరికాలో రాబిన్సన్, స్మిత్‌లు, వేరుగా క్లోవర్డ్, మెడ ముందువైపు నుండి బిళ్ళను తీసి ఎముకను అతికే పద్ధతులను ప్రకటించారు. 1970ల చివరలో జపాన్ వైద్యుడు హిరబయాషి ఎముక పలకను పూర్తిగా తీసివేయక తలుపు వలె తెరిచే విధానాన్ని రూపొందించాడు. 1972లో నూరిక్ నడక సామర్థ్యాన్ని బట్టి వ్యాధి తీవ్రతను నిర్ణయించే కొలమానాన్ని ప్రతిపాదించాడు. దానితో రోగి ఎంతవరకు నడవగలడన్నది ఫలితాన్ని కొలిచే ప్రమాణమయింది.

తెలుగునేలలో ఈ సమస్యకు వయసుతోపాటు నీరు కూడా కారణమయింది. 1937లో నాటి నెల్లూరు జిల్లానుండి ఫ్లోరోసిస్ నమోదయింది. 1955లో నల్లగొండ జిల్లాపై సిద్దిఖీ అధ్యయనం వెలువడింది. ఫ్లోరైడ్ వల్ల గట్టిపడిన ఎముకలు, బంధనాలు వెన్నుపామును నొక్కుతాయి. వెల్లూరులో 1949లో జాకబ్ చాందీ, మద్రాసులో 1950లో బి. రామమూర్తి నాడీ శస్త్రచికిత్సకు పునాది వేయగా, 1950లలోనే విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రిలో బాలపరమేశ్వరరావు ఆ విభాగాన్ని నెలకొల్పాడు.

ఫలితాలు, ప్రమాదాలు

2013లో ప్రచురితమైన ఉత్తర అమెరికా బహుకేంద్ర అధ్యయనం 278 మంది రోగులను పరిశీలించి, శస్త్రచికిత్స అనంతరం ఏడాదికి సామర్థ్యం మెరుగుపడుతుందని చూపింది. వృద్ధులకూ మేలు జరుగుతుంది. కానీ దీర్ఘకాలం నలిగిన వెన్నుపాము పూర్తిగా కోలుకోదు. క్షీణతను ఆపడమే చాలామందిలో ప్రధాన ప్రయోజనం. ముందువైపు శస్త్రచికిత్సలో మింగుడు కష్టం, గొంతు బొంగురు. వెనుకవైపు దానిలో గాయానికి చీము పట్టడం, భుజం బలహీనత సంభవించవచ్చు. న్యుమోనియా, తాత్కాలిక మతిభ్రమ, గుల్లబారిన ఎముకలో స్క్రూలు వదులవడం వృద్ధులలో అధికం. అయినా నిర్ణయానికి వయసొక్కటే ఆధారం కారాదు. శరీర దార్ఢ్యం, ఇతర వ్యాధులు, ఇంటివద్ద ఆసరా కూడా తూకం వేయాలి.

కురుపాం నేపథ్యం

కురుపాం 1950లో శ్రీకాకుళం జిల్లాలో, 1979లో విజయనగరం జిల్లాలో, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. జిల్లా కేంద్రాలు మారినా పెద్దాసుపత్రి అనగానే ఈ ప్రాంతం చూపు విశాఖవైపే. సవర, జాతాపు గూడేలనుండి రోగులను డోలీలో మోసుకురావలసిన పరిస్థితి నేటికీ ఉంది. వాలుమీద జారిపడి మెడ వెనక్కి వంగిన వృద్ధునికి ఎముక విరగకుండానే వెన్నుపాము దెబ్బతినవచ్చు. అప్పుడు కాళ్ళకంటే చేతులు ఎక్కువగా చచ్చుబడతాయని 1954లో ష్నైడర్ వివరించాడు. అటువంటి మెడను కదలకుండా నిలపకపోతే డోలీ కుదుపే మరో గాయం. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ శస్త్రచికిత్స ఖర్చు భారాన్ని తగ్గించింది. అయితే తరువాతి నెలల వ్యాయామం, గాయం సంరక్షణ, పునఃపరీక్షల కోసం మళ్ళీ అదే దారి పట్టాలి.

ముగింపు

ఏడు దశాబ్దాలలో ఆపరేషన్ పద్ధతి మారింది, ప్రమాదం తగ్గింది. నిర్ణాయకంగా మిగిలింది కాలం. చేతిలో ముద్ద జారుతోందని చెప్పిన నాడే దానిని ముసలితనమని తోసిపుచ్చని గ్రామస్థాయి ఆరోగ్య కార్యకర్త, మెడను నిలిపే పట్టీ, ఇంటికి దగ్గరలో వ్యాయామ చికిత్స లేనంతకాలం విశాఖలో లభించే నైపుణ్యం కురుపాం వృద్ధునికి సగమే అందుతుంది.