సికింద్రాబాదు సెయింట్ ఆన్స్ బాలికా పాఠశాల: వారసత్వ విచారము

సికింద్రాబాదునందలి సెయింట్ ఆన్స్ ఉన్నత పాఠశాల 1871లో స్థాపితమైనది. తెలంగాణమునందలి ప్రాచీన బాలికా విద్యాలయములలో నది యొకటి. దానినిగూర్చి వ్రాయువారు సాధారణముగా దాని ప్రాచీనతనే ప్రశంసింతురు. కాని విద్యాసంస్థ వారసత్వమును వయస్సుతో మాత్రమే కొలువరాదు. అది యే యుద్దేశముతో పుట్టినది, ఎట్టి చోట నాటుకొన్నది యను రెండంశములను విచారింపవలెను.

పాఠశాలను నెలకొల్పిన సెయింట్ ఆన్ కన్యాస్త్రీల సంఘము 1834లో టురిన్ నగరమున వెలసినది. నేడు ఇటలీలోనున్న యా నగరము నాడు సార్డీనియా రాజ్యమునకు రాజధాని. బరోలో ప్రభువగు తాంక్రేది, ఆయన భార్య జూలియెత్ కోల్బేర్ దాని సంస్థాపకులు. ఫ్రాన్సు దేశీయురాలగు జూలియెత్ టురిన్‌లోని స్త్రీల చెరసాలలకు స్వయముగా పోయి, ఖైదీలకు చదువను వ్రాయను నేర్పెను. సంతానము లేని యీ దంపతులు తమ సంపదను దీనజన సేవకు వినియోగించిరి. పేద, మధ్యతరగతి బాలికల విద్యకై వారు పిదప నీ సంఘమును నెలకొల్పిరి. చెరసాలలో చూచిన యజ్ఞానమే యామెను బాలికల బడివైపు నడిపియుండునని యూహించుట యసంగతము కాదు. ఆమె 1864లో మరణించెను. తరువాత నేడేండ్లకు, ఆమె యెన్నడును చూడని దక్కనులో, ఈ పాఠశాల వెలసినది.

ఇక స్థలవిషయము. సికింద్రాబాదు 1806లో నిజాము సికందర్ జా పేర వెలసిన ఇంగ్లీషువారి దండు పట్టణము. కతోలికుల సెయింట్ మేరీస్ దేవాలయ నిర్మాణము 1850లో పూర్తియైనది. కన్యాస్త్రీల రాకకు ముందే యచ్చట క్రైస్తవ సమాజము స్థిరపడియుండెనని దీనివలన తెలియును. హైదరాబాదున ప్రసిద్ధమైన మహబూబియా బాలికా పాఠశాల 1907లో గాని యేర్పడలేదు. సెయింట్ ఆన్స్ దానికంటె ముప్పదియారేండ్లు పెద్దది.

భాషావిషయ మింతకంటె ముఖ్యము. నిజాము ప్రభుత్వమున 1884 వరకు పారసీ, పిదప ఉర్దూ రాజభాషలు, దండున ఇంగ్లీషు. రెండు చోట్లను తెలుగున కధికారస్థానము లేకుండెను. కావున నీ విద్యవలన తెలుగు బాలిక పొందినదేమి, ఇంటి భాషయందు కోల్పోయినదేమి యనునది పరిశోధకులు తేల్చవలసిన ప్రశ్న. బాలికల యిండ్ల భాషను, కులవృత్తులను, చదివిన యేండ్లను తరగతివారీగా పరిశీలించినచో నుత్సవ సంచికల ప్రశంసకు బదులు చరిత్ర లభించును.

చదువు దొరకని యింటి బిడ్డకు చదువు నందించుట ఆ సంఘ సంస్థాపకుల లక్ష్యము. భవనముల వయస్సుకంటె ఆ లక్ష్యమెంతవరకు నెరవేరినదో యదియే ఈ పాఠశాల వారసత్వమునకు నిజమైన కొలమానము.