విత్తనమా, నేలా? క్షయవ్యాధి చరిత్రలో అనంతపురం

1882వ సంవత్సరంలో రెండు సంగతులు జరిగాయి. బళ్ళారి జిల్లా నుండి కొన్ని తాలూకాలను విడదీసి అనంతపురం జిల్లాను ఏర్పరచారు. అదే సంవత్సరం మార్చి 24న బెర్లిన్ నగరంలో రాబర్ట్ కాక్ అనే జర్మన్ వైద్యుడు క్షయను కలిగించే క్రిమిని కనుగొన్నట్లు ప్రకటించాడు. ఆనాడు ఈ రెంటికీ ఏ సంబంధమూ లేదు. సంబంధం ఏర్పడడానికి దాదాపు 80 ఏళ్ళు పట్టింది. 1961లో భారతదేశంలో క్షయను ఒక జిల్లా మొత్తం మీద ఎదుర్కొనే పథకాన్ని మొట్టమొదట నడిపి చూసింది అనంతపురంలోనే. ఈ మధ్యకాలంలో వైద్యలోకాన్ని రెండు పక్షాలుగా చీల్చిన వివాదం ఒకటి నడిచింది. అది తెలియనిదే అనంతపురంలో జరిగిందేమిటో, జరగక మిగిలిపోయిందేమిటో బోధపడదు.

వివాదాన్ని రైతు భాషలో చెప్పుకోవచ్చు. వ్యాధి అనేది బయటి నుండి పడిన విత్తనమా, లేక ఆ విత్తనాన్ని మొలిపించే నేలలోని గుణమా? క్రిమియే కారణమన్నవారు క్రిమిని చంపితే చాలన్నారు. దేహమనే క్షేత్రమే అసలు కారణమన్నవారు తిండి, గాలి, నివాసం బాగుపడితే క్రిమి ఏమీ చేయలేదన్నారు. ఫ్రాన్సులో మొదటి పక్షానికి లూయీ పాస్చర్, రెండవ పక్షానికి ఆంత్వాన్ బెషాంప్ ప్రతినిధులని సాధారణంగా చెబుతారు. దేహాంతర పరిస్థితి నిలకడగా ఉండడమే జీవానికి ఆధారమని వివరించిన క్లాడ్ బెర్నార్డ్ పేరును కూడా రెండవ పక్షంవారు వాడుకుంటారు. మరణశయ్య మీద పాస్చర్ తన ఓటమిని ఒప్పుకొని, క్రిమి ఏమీ కాదని, క్షేత్రమే సర్వమని అన్నాడనే కథ నేటికీ ప్రచారంలో ఉంది. దానికి సమకాలీనమైన ఆధారం లేదు. నిజానికి పాస్చర్‌కు ఆ ఒప్పుకోలుతో పనిలేదు. దొమ్మవ్యాధి సోకని కోడిని చన్నీళ్ళలో నిలబెట్టి, దాని ఒంటివేడి తగ్గించి, అప్పుడు అదే వ్యాధి సోకుతుందని 1878లోనే నిరూపించినవాడు ఆయనే. విత్తనం మారలేదు, నేల మారింది. శిష్యులు, ప్రత్యర్థులు చేసినంత మొండి వాదం పాస్చర్ చేయలేదు.

మొండితనానికి ఉదాహరణ కావాలంటే మ్యూనిక్ నగరానికి చెందిన పెటెన్‌కోఫర్ ఉన్నాడు. కలరా క్రిమి ఉన్నా, నేలలోని తేమ, మనిషి దేహస్థితి తోడుకానిదే వ్యాధి రాదని ఆయన సిద్ధాంతం. 1892లో 74వ ఏట కలరా క్రిములున్న ద్రవాన్ని అందరి ఎదుటా తాగాడు. కొద్దిపాటి విరేచనాలతో బయటపడ్డాడు. ఆయన బ్రతికాడు గాని సిద్ధాంతం బ్రతకలేదు. అయినా ఒక ప్రశ్న మిగిలింది. ఒకే నీరు తాగిన పదిమందిలో కొందరే ఎందుకు చనిపోతారు?

ఈ ప్రశ్న ముస్లిం వైద్యులకు కొత్తది కాదు. యునానీ వైద్యం దేహాన్ని మిజాజ్ దృష్టితో చూస్తుంది. రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం అనే నాలుగు అఖ్లాత్ సమతూకం తప్పినప్పుడు వ్యాధి కలుగుతుందని దాని మూలసూత్రం. ఆ లెక్కన హకీములు క్షేత్రవాదులే. కాని వారు అక్కడితో ఆగలేదు. బాగ్దాదులో ఆసుపత్రికి స్థలం ఎంచడానికి రాజీ నగరంలో పలుచోట్ల మాంసపు ముక్కలు వేలాడదీయించి, ఆలస్యంగా కుళ్ళిన చోటును ఎన్నుకున్నాడని ఒక కథనం. బయటి గాలిలో ఏదో ఉందన్న ఎరుక అందులో ఉంది. ఇబ్నె సీనా తన ‘అల్ ఖానూన్’లో మిజాజ్‌ను ఎంత విస్తారంగా వివరించాడో, ఒకరి నుండి ఒకరికి సోకే వ్యాధులున్నాయని కూడా అంత స్పష్టంగానే రాశాడు.

అంటువ్యాధిని గురించి ధర్మవేత్తల మధ్య జరిగిన చర్చ ఇంకా లోతైనది. అంటు అనేది లేదని చెప్పే హదీసు ఒకటి. కుష్ఠురోగి నుండి సింహం నుండి పారిపోయినట్లు పారిపొమ్మనే హదీసు మరొకటి. వ్యాధి తనంత తానుగా, అల్లాహ్ అనుమతి లేకుండా సోకుతుందన్న అజ్ఞానకాలపు నమ్మకాన్ని మొదటిది ఖండిస్తుందని, కారణాలను పాటించమని రెండవది బోధిస్తుందని పలువురు పండితులు సమన్వయం చేశారు. అందరూ ఒప్పుకోలేదు. ప్లేగులో సొంత కుమార్తెలను కోల్పోయిన ఇబ్నె హజర్ అస్ఖలానీ (మరణం 1449) ప్లేగు మీద పెద్ద గ్రంథం రాసి, అంటు అనే వివరణను అంగీకరించలేదు. అయినా ప్లేగు ఉన్న ఊరికి పోరాదన్న ప్రవక్త (స) ఆదేశాన్ని మాత్రం కచ్చితంగా నిలిపాడు. గ్రనడాకు చెందిన ఇబ్నుల్ ఖతీబ్ (మరణం 1374) మరో వైపు నిలిచాడు. అంటు అనేది అనుభవం చేత, పరిశీలన చేత, నమ్మకమైన సమాచారాల చేత రుజువైనదని, ఇంద్రియాలకు ప్రత్యక్షమైనదానికి విరుద్ధంగా కనిపించే వచనాన్ని వ్యాఖ్యానించి అర్థం చేసుకోవాలని అతడు వాదించాడు.

ఈ చర్చకు మూలమైన సంఘటన హిజ్రీ 18లో, అంటే క్రీ.శ. 639లో జరిగింది. షామ్ దేశంలో అమ్‌వాస్ ప్లేగు వ్యాపించిందన్న వార్త విని హజ్రత్ ఉమర్ (ర) సర్గ్ అనే చోటు నుండి వెనుదిరిగారు. అల్లాహ్ విధి నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (ర) అడిగారు. ఒక విధి నుండి మరో విధి వైపుకే పోతున్నామని హజ్రత్ ఉమర్ (ర) బదులిచ్చి ఒక ఉపమానం చెప్పారు. ఒంటెల కాపరి లోయలో దిగాడు. ఒక ఒడ్డు పచ్చగా, మరో ఒడ్డు ఎండిపోయి ఉంది. ఎక్కడ మేపినా అది అల్లాహ్ విధే కదా! కరువు సీమలో గొర్రెలు మేపుకునే మనిషికి ఈ మాటను ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు.

ఆ సీమకే వద్దాం. అనంతపురం సగటు వర్షపాతం 55 సెంటీమీటర్లు. ఎర్రనేలలు, వేరుశనగ, ఎండిన చెరువులు. 1876–78లో ధాత, ఈశ్వర సంవత్సరాల్లో వచ్చిన కరువు నాటికి ఈ ప్రాంతం బళ్ళారి జిల్లాలో భాగం. అప్పుడు భారత ప్రభుత్వ శానిటరీ కమిషనర్‌గా ఉన్న కనింగ్‌హామ్ కలరా మనిషి నుండి మనిషికి సోకుతుందన్న మాటను ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే ఓడలను రేవుల్లో నిలిపివేయాలి. సూయజ్ కాలువ తెరిచాక అది బ్రిటిష్ వ్యాపారానికి గిట్టదు. ఇక్కడ క్షేత్రవాదం ప్రభుత్వానికి అనువైన సాకు అయింది. అదే కాలంలో మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ దేహస్థితి వాదాన్నే ప్రభుత్వం మీద ఎక్కుపెట్టాడు. 1877 ఆరంభంలో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో ఉన్న కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, అర అణా మాత్రమే నిర్ణయించాడు. జైలులో కఠినశిక్ష అనుభవించే ఖైదీకి దొరికే తిండికన్నా ఇది తక్కువ. ఇంత తిండితో పనిచేసే దేహం క్షీణిస్తుందని, క్షీణించిన దేహాన్ని ఏ వ్యాధి అయినా పడగొడుతుందని కార్నిష్ లెక్కలతో వాదించాడు. మే నెలలో కూలి పెంచక తప్పలేదు. ఈలోగా కరువు శిబిరాల్లో కలరా తన పని తాను చేసుకుపోయింది. ఒకే వాదం ఒకరి చేతిలో తప్పించుకునే దారి, మరొకరి చేతిలో అన్నం కోసం దావా.

క్షయ విషయంలో క్షేత్రవాదానికి ఈ సీమలో ఒక కట్టడమే వెలసింది. నాటి చిత్తూరు జిల్లా మదనపల్లె దగ్గర, సముద్రమట్టానికి రెండు వేల అడుగులకు పైన, ఆరోగ్యవరంలో క్రైస్తవ మిషన్లు కలిసి నెలకొల్పిన శానిటోరియం 1915లో మొదలైంది. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ దాని నిర్మాత. మందు లేని ఆ రోజుల్లో పొడిగాలి, విశ్రాంతి, పుష్టికరమైన తిండి, కొన్ని శస్త్రచికిత్సలు, ఇవే చికిత్స. ఎందరికో అక్కడ ప్రాణం నిలిచింది. కాని మంచాలు వందల్లో, రోగులు లక్షల్లో. దిక్ పట్టిన కూలీ ఏడాదిపాటు కొండగాలికి పోతే ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది?

1944లో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్ వెలువడ్డాక ప్రశ్న మారింది. మందు ఉంటే శానిటోరియం అవసరమా? జవాబు మద్రాసులో దొరికింది. 1956లో అక్కడ స్థాపించిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రంలో వాలెస్ ఫాక్స్ నాయకత్వాన సుమారు 200 మంది పేద రోగులను చీటీ పద్ధతిలో రెండు భాగాలు చేశారు. సగంమంది శానిటోరియంలో, సగంమంది ఇరుకు ఇళ్ళలో. అందరికీ ఏడాదిపాటు ఒకే మందులు. ఇంటివద్ద ఉన్నవారు తక్కువ తిన్నారు, ఎక్కువ తిరిగారు, కిక్కిరిసి పడుకున్నారు. అయినా 1959లో ప్రచురించిన ఫలితాలలో ఇరు పక్షాలు కోలుకోవడం దాదాపు సమానం. ఇంట్లో ఉన్న రోగి వల్ల కుటుంబీకులకు ముప్పు పెరిగినట్లు కూడా కనబడలేదు. ప్రపంచంలో శానిటోరియాలు మూతపడడానికి ఈ ఫలితం ముఖ్యకారణం. క్రిమిపక్షానికి ఇంతకన్నా స్పష్టమైన విజయం మరొకటి లేదు.

ఆ విజయాన్ని పల్లెకు చేర్చే పని బెంగుళూరులో 1959లో ఏర్పడిన జాతీయ క్షయ సంస్థకు వచ్చింది. క్షయ పట్నాల జబ్బు కాదని, పల్లెల్లోనూ అంతే ఉందని 1955–58 జాతీయ సర్వే తేల్చింది. అనంతపురానికి ఆనుకొని ఉన్న తుమకూరు జిల్లాలో బెనర్జీ, ఆండర్సన్ అనే పరిశోధకులు మరో సంగతి గమనించి 1963లో ప్రకటించారు. పల్లెటూరి క్షయరోగుల్లో సగానికి పైగా అప్పటికే వైద్యశాలకు వెళ్ళినవారే. అక్కడ దగ్గు మందు సీసా ఇచ్చి పంపారు! రోగికి అజ్ఞానమని నింద వేసేవారు ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే చాలు. అనంతపురంలో 1961లో నడిపిన పథకం ఈ ఆలోచనకు రూపం. ఊరూరా వెదకడం కాదు, దగ్గుతో తానుగా వచ్చినవాని కఫాన్ని దగ్గరి వైద్యశాలలోనే సూక్ష్మదర్శినితో చూడాలి. మందులు ఇంటికే ఇచ్చి పంపాలి. జిల్లా కేంద్రం అందరి కార్డులు ఉంచుకొని, రానివారికి కబురు చేయాలి. 1962 నుండి ఇదే జాతీయ కార్యక్రమమైంది.

మందు బిళ్ళ ఊరు చేరింది. ఏడాదిపాటు మింగడం మాత్రం కష్టమైంది. రెండు నెలలకు దగ్గు తగ్గగానే కూలీ బెంగుళూరుకు వలస పోతాడు. కార్డు జిల్లా కేంద్రంలో ఉంటుంది. 1992లో జరిగిన సమీక్షలో పట్టుబడిన రోగుల్లో సగంమంది కూడా చికిత్స ముగించడం లేదని తేలింది. దీనితో 1993 నుండి కార్యక్రమాన్ని సవరించి, బిళ్ళ ఎదుట మింగించే పద్ధతి తెచ్చారు. టీకా కూడా నిరాశపరచింది. 1968లో చెంగల్పట్టు జిల్లాలో మొదలైన బీసీజీ పరీక్షలో పెద్దల క్షయ నుండి రక్షణ కనబడలేదు. అక్కడి మట్టిలో, నీటిలో ఉన్న క్షయ జాతి ఇతర క్రిములు టీకా ప్రభావాన్ని మరుగుపరచి ఉండవచ్చని ఒక వివరణ. నేల మాట ఇక్కడ అక్షరార్థంలోనే వచ్చింది.

క్షయక్రిమి ఒంట్లో చేరిన నూరుమందిలో 5 నుండి 10 మందికే జీవితకాలంలో వ్యాధి బయటపడుతుంది. మిగతావారిలో క్రిమి నిద్రపోతుంది. దాన్ని లేపేవాటిలో ఆకలి ఒకటి, హెచ్.ఐ.వి. మరొకటి, మధుమేహం ఇంకొకటి. కనుక మద్రాసు ప్రయోగం సగం ప్రశ్నకే జవాబు చెప్పింది. జబ్బుపడినవానికి మందు చాలునని చూపింది గాని, జబ్బు పడకుండా ఉండడానికి ఏమి కావాలో అది అడగలేదు. అడిగింది చాలా ఆలస్యంగా, జార్ఖండ్‌లో, 2019–22 మధ్య. రోగులందరికీ మందులు, తిండిగింజలు ఇచ్చారు. సగం కుటుంబాల్లో ఇంటివారికి కూడా మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ బిళ్ళలు ఇచ్చారు. సుమారు 10 వేలమంది కుటుంబీకులను గమనించగా, తిండి అందిన ఇళ్ళలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. ఫలితాలు 2023లో వెలువడ్డాయి.

ఈ ఫలితం చూపి మందు అక్కరలేదనేవారు జార్ఖండ్‌లో ప్రతి రోగికీ మందు ఇచ్చారన్న సంగతి దాచిపెడుతున్నారు. క్షయరోగి బిళ్ళలు మాని ఒంటిబలం మీద, లేదా తవక్కుల్ పేరుతో ఊరకుండడం మీద ఆధారపడితే ఇంట్లోని పసిపిల్లలకు క్రిమిని పంచుతాడు. మందు తిని ఆకలితో ఉన్నవాని ఇంట్లో తరువాతి రోగి తయారవుతుంటాడు.

2018 ఏప్రిల్ నుండి కేంద్రప్రభుత్వం క్షయరోగికి తిండి ఖర్చుల కింద నెలకు 500 రూపాయలు ఇస్తూ వచ్చింది. 2024 నవంబరు నుండి దాన్ని 1000 చేసింది. ఆ డబ్బు రోగి పేరనే వస్తుంది. జార్ఖండ్‌లో తేడా కనబడింది ఇంటివారి పళ్ళెంలో. ఇంటివారికి కూడా దాతల ద్వారా ఆహారపు బుట్టలు అందించే ఏర్పాటుకు అనుమతి వచ్చింది 2024లోనే.