తెగిన ముక్కు – పూనా శస్త్రకారుడు

ముక్కు చిన్న అవయవమే అయినా, దానిని కోయడం పూర్వకాలంలో పెద్ద శిక్ష. నేరస్థులకూ, యుద్ధఖైదీలకూ ఆ శిక్ష పడేది. శూర్పణఖ కథ ఎరుగని తెలుగు ఇల్లు ఉండదు. ముక్కు పోయినవాడు ప్రాణంతో మిగిలినా నలుగురిలోకి రాలేడు. ఆ అవమానాన్ని తొలగించే శస్త్రవిద్య భారతదేశంలో ఎంతో ప్రాచీనమైనది.

సుశ్రుత సంహిత సూత్రస్థానం 16వ అధ్యాయంలో ఆ విధానం వివరింపబడి ఉన్నది. పోయిన ముక్కుకు సరిపడే ఆకును తీసుకొని, ఆ కొలతకు చెంప చర్మాన్ని కోయాలి. అయితే ఒకవైపు అది చెంపను అంటిపెట్టుకొనే ఉండాలి. ముక్కు మొదలును గీరి, చర్మాన్ని దానిపై అతికించి, లోపల రెండు గొట్టాలు అమర్చాలి. పతంగం, అతిమధురం, అంజనం పొడి చల్లి, దూది కప్పి, నువ్వుల నూనెతో తడుపుతూ ఉండాలి. ఆ గొట్టాల ప్రస్తావనలోనే ఆచార్యుని సూక్ష్మదృష్టి తెలుస్తుంది. మానుతున్న చర్మం ముడుచుకొనిపోతుంది. రంధ్రాలు మూసుకొంటే, చూపులకు ముక్కు ఉండి ఊపిరికి లేనట్లే.

గ్రంథంలో ఉండడం వేరు, చేతిలో ఉండడం వేరు. 18వ శతాబ్దాంతంలో కూడా ఈ విద్య చేతులలో సజీవంగా ఉన్నదనడానికి సాక్ష్యం 1794 అక్టోబరులో లండన్ పత్రిక ‘జెంటిల్మన్స్ మాగజైన్’ ప్రచురించిన ఒక లేఖ. కవాస్‌జీ అనే మరాఠా రైతు 1792 నాటి మైసూరు యుద్ధంలో ఆంగ్లేయుల సైన్యానికి ఎడ్లు తోలేవాడు. టిప్పు సైన్యానికి చిక్కగా, అతని ముక్కునూ ఒక చేతినీ కోసివేశారు. ఏడాదికి పైగా ముక్కు లేకుండా గడిపిన తరువాత పూనా సమీపాన, ఇటుకలు చేసే కులానికి చెందిన ఒక శస్త్రకారుడు అతనికి కొత్త ముక్కు అమర్చాడు.

ఇక్కడ ఆకుకు బదులు మైనపు రేకు, చెంపకు బదులు నుదురు. మైనాన్ని ముక్కు ఆకారంలో అద్ది, చదును చేసి, నుదుటిపై పరచి చుట్టూ గీత గీశాడు. ఆ మేర చర్మాన్ని లేపి, కనుబొమల మధ్య సన్నని పట్టీ మాత్రం విడువకుండా, క్రిందికి త్రిప్పి అతికించాడు. ఆ పట్టీయే ప్రాణం. దాని ద్వారానే చర్మానికి రక్తం అందుతుంది. నీటిలో మెత్తబరచిన కాచును గుడ్డముక్కలకు పూసి కట్టాడు. నాలుగు రోజుల తరువాత నేతిలో ముంచిన గుడ్డలు వేశాడు. పదవనాడు రంధ్రాలలో మెత్తని గుడ్డ పెట్టి వాటిని తెరచి ఉంచాడు. ఇరవై ఐదవ రోజు ప్రాంతంలో పట్టీని కోసివేశాడు. మత్తుమందు తెలియని కాలమది. ఆ బాధ ఊహకు అందనిది.

లేఖలో ఎడ్లు తోలినవాని పేరు ఉన్నది. ఈ శస్త్రచికిత్సను చూసిన బొంబాయి వైద్యుల పేర్లూ ఉన్నవి. చేసినవాని పేరు మాత్రం లేదు. ముక్కు నిలిపినవాడు చరిత్రకు ముక్కూ మొగమూ తెలియనివాడుగా మిగలడం విచారకరం.

ఆ లేఖ వృథా పోలేదు. లండన్‌లో జోసెఫ్ కార్ప్యూ ముందు మృతదేహాలపై సాధన చేసి, 1814 అక్టోబరు 23న ఒక సైనికాధికారికి ఈ పద్ధతిలోనే ముక్కు అమర్చి, 1816లో గ్రంథం వెలువరించాడు. రెండేళ్లకు జర్మనీలో గ్రేఫె రచన వచ్చింది. 20వ శతాబ్ది తొలినాళ్లలో ఫ్రీర్, కిలియన్ అనే వైద్యులు వంగిన ముక్కుదూలాన్ని లోపలి పొర చెడకుండా సరిచేసి, శ్వాసకు గల అడ్డును తొలగించే మార్గాన్ని స్థిరపరచారు.

పుండువలన గాని, ప్రమాదంవలన గాని ముక్కు పోయినవారికి నేటికీ నుదుటి చర్మమే ప్రధానాశ్రయం. చెవి లేదా ప్రక్కటెముక నుండి తీసిన మృదులాస్థిని ఆధారంగా నిలిపి, లోపలి పొరను వేరుగా కల్పిస్తారు. సుమారు మూడు వారాలకు పట్టీని కోస్తారు. రంధ్రాలు ముడుచుకొనిపోకుండా, కొన్నాళ్లపాటు వాటిలో మెత్తని గొట్టాలు ఉంచుతారు.