ముప్పది మూడు పుటల ఉత్తరం

1938వ సంవత్సరంలో, అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో జాన్స్ హాప్‌కిన్స్ వైద్యశాలకు ఒక ఉత్తరం చేరినది. అది మిసిసిపి రాష్ట్రంలోని ఫారెస్ట్ అనే చిన్న ఊరినుండి ఒక న్యాయవాది వ్రాసిన ఉత్తరం. దాని నిడివి 33 పుటలు. అందులోని విషయమంతా అయిదేండ్ల కొడుకు డొనాల్డ్‌ను గురించియే.

ఆ బాలుడు రెండేండ్లకే అక్షరమాలను ముందునుండి వెనుకకూ, వెనుకనుండి ముందుకూ చదివినాడు, నూరువరకూ లెక్కపెట్టినాడు. కాని తండ్రి ఇంటికి వస్తే గమనించడు. చుట్టాలు వస్తే తలయెత్తి చూడడు. గిన్నెలను, గుండ్రని వస్తువులను నేలమీద గిరగిర త్రిప్పి సంబరపడతాడు. 'నేను' అనవలసినచోట 'నువ్వు' అంటాడు. ఒంటరిగా వదలితేనే అతనికి హాయి.

ఉత్తరం అందుకున్న వైద్యుడు లియో కానర్. ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో 1894లో పుట్టి, 1924లో అమెరికాకు వలసవచ్చినవాడు. 1930లో ఆ వైద్యశాలలో పిల్లల మానసిక వైద్య విభాగాన్ని నెలకొల్పినాడు. అంతటి అనుభవజ్ఞునికి కూడ ఈ బాలుని లక్షణాలు తెలిసిన ఏ పేరులోనూ ఇమడలేదు.

అప్పటికి తెలిసిన పేర్లు కొద్ది. 1800 ప్రాంతంలో ఫ్రాన్సులోని అడవిలో దొరికిన మాటరాని బాలుని చూచి, ప్రసిద్ధ వైద్యుడు పినేల్ నయంకాని బుద్ధిమాంద్యమని తేల్చినాడు. ఇటార్ అనే యువ వైద్యుడు మాత్రం ఆ తీర్పును అంగీకరింపక, ఆ పిల్లవానికి అయిదేండ్లపాటు ఓపికతో శిక్షణ నిచ్చినాడు. శతాబ్దం గడచిన పిమ్మట, 1906లో ఇటలీలో దె సాంక్తిస్, 1908లో వియన్నాలో హెల్లర్ పసితనంలో కలిగే బుద్ధిక్షయాలను వర్ణించినారు. బిడ్డ వింతగా ప్రవర్తిస్తే మందబుద్ధి అనడమో, ఉన్మాదం అనడమో — ఈ రెండే దారులు.

కానర్ మూడవ దారి త్రొక్కినాడు. ఇంకా ఇటువంటి పిల్లలను వెదకి, 1943లో 11 మందిని గురించి ఒక వ్యాసం ప్రకటించినాడు. వారిలో బాలురు 8, బాలికలు 3. వీరు మనుషులతో సహజంగా ముడిపడగల శక్తి లేకుండానే పుట్టినారని ఆయన అభిప్రాయం. స్విట్జర్లండు వైద్యుడు బ్లాయిలర్ స్కిజోఫ్రీనియా రోగుల అంతర్ముఖత్వానికి వాడిన 'ఆటిజం' అనే మాటనే ఈ స్థితికి తీసుకున్నాడు. మరుసటి యేడు వియన్నాలో ఆస్పర్గర్ ఇటువంటి బాలురనే వర్ణించినాడు. మాస్కోలో సుఖరేవా అనే వైద్యురాలు 1925లోనే ఆరుగురు బాలురను ఇంతే నిశితంగా పరిశీలించి వ్రాసినది. కాని చాలాకాలం లోకం ఆమెను గుర్తింపలేదు.

ఇక్కడ కథ సుఖాంతమైతే బాగుండెడిది. రోగానికి పేరు దొరికినది. కాని నేరం తల్లిదండ్రులపై పడినది. పుట్టుకతోనే ఉన్న లోపమన్న కానరే 1949లో ఈ పిల్లల తల్లిదండ్రుల ప్రేమరాహిత్యాన్ని మంచుపెట్టెతో పోల్చినాడు. ఆ పోలిక లోకానికి పట్టుబడినది. 1967లో బెటెల్‌హైమ్ గ్రంథం ఆ అపవాదును మరింత వ్యాపింపజేసినది. రాత్రింబవళ్ళు బిడ్డను కనిపెట్టుకొని ఉన్న తల్లికి, రోగకారణం నీవేనని చెప్పడంకంటె క్రూరమైన నిర్ణయం వైద్యచరిత్రలో అరుదు.

ఎదురు తిరిగినవాడు తానూ ఒక తండ్రియే. ఇటువంటి కొడుకుగల మనస్తత్వశాస్త్రవేత్త బెర్నార్డ్ రిమ్లాండ్, 1964లో ప్రకటించిన గ్రంథంలో కారణం శరీరగతమని వాదించినాడు. దానికి ముందుమాట వ్రాసినది కానరే. 1969లో తల్లిదండ్రుల సభలో నిలిచి, మీరు నిర్దోషులని కానర్ బహిరంగంగా ప్రకటించినాడు. 1977లో ఫోల్‌స్టైన్, రటర్ 21 కవలజంటలను పరీక్షించినారు. ఒకే పిండంనుండి పుట్టిన 11 జంటలలో నాలుగింట ఇద్దరికీ ఆటిజం ఉన్నది. తక్కిన 10 జంటలలో ఒక్కదానిలోనూ అట్లు లేదు. వంశానుగత కారణానికి ఇది గట్టి సాక్ష్యమైనది.

1971లో ఇంగ్లండులో కోల్విన్ మరొక చిక్కు విప్పినాడు. మూడేండ్లలోపు మొదలయ్యే స్థితి వేరు. అయిదేండ్లు దాటిన పిమ్మట భ్రమలతో, లేని కంఠాలు వినబడడంతో వచ్చే ఉన్మాదం వేరు అని చూపినాడు. అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణ గ్రంథం 1980లో ఈ భేదాన్ని అంగీకరించినది. పేరు మారడంతో చికిత్స మారుతుంది. ఒకరికి శిక్షణ ప్రధానం, మరొకరికి ఔషధం అవసరం.

మన సికిందరాబాదులో 1984లో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ ఏర్పడినది. 2016 నాటి చట్టం ఆటిజాన్ని వైకల్యాల జాబితాలో చేర్చి, ఆ బిడ్డల హక్కులను గుర్తించినది. అయినను మొదటి పరీక్ష జరిగేది మన ఇంటి వసారాలోనే. యేడాది నిండిన బిడ్డ పేరుపెట్టి పిలిచినా చూడకపోవడం, యేడాదిన్నరకు కూడ కావలసినదానిని వేలితో చూపకపోవడం, వచ్చిన మాటలు పోవడం — వీటిలో ఏది కనబడినా, 'మేనమామ కూడ ఆలస్యంగానే మాట్లాడినాడు' అని ఊరడిల్లక, మొదట చెవులు, పిమ్మట మనోవికాసం పరీక్ష చేయించవలెను.

డొనాల్డ్ ఏమైనాడు? తన ఊరి బ్యాంకులో ఉద్యోగం చేసినాడు, గోల్ఫ్ ఆడినాడు, దేశదేశాలు తిరిగినాడు. 2023లో, 89వ యేట కన్నుమూసినాడు. ఊరివారు అతనిని తమవానిగా చూచుకొన్నారు.

ఆ 33 పుటలను విసుగుపడక చదివిన వైద్యుడు ఉండుటచేతనే ఈ చరిత్ర మొదలైనది. ఆ వైద్యుడే ఒక దశలో తల్లిదండ్రులను శంకించుటచేత అది దారి తప్పినది. బిడ్డను గురించి తల్లి చెప్పే మాట వైద్యునికి మొదటి సాక్ష్యం. దానిని నేరాంగీకారంగా వినరాదు.