గాలి కొలత, నీటి కొలత: పాతబస్తీ చూసిన తుపానులు

తుపాను తీవ్రతను గాలి వేగంతో లెక్కగట్టే పద్ధతి ఓడల అవసరం కోసం సముద్రం మీద పుట్టినది గనుక, తీరానికి సుమారు 300 కిలోమీటర్ల లోపల, దక్కన్ పీఠభూమి మీద ఉన్న హైదరాబాదు పాతబస్తీ చరిత్రకు ఆ కొలబద్ద అంత తేలికగా అతకదు. అతకకపోవడానికి గల కారణం తెలియాలంటే ముందుగా ఆ కొలబద్ద ఎలా తయారైందో, ఎక్కడెక్కడ పొరబడుతుందో చూడాలి.

సుడిగాలుల స్వభావాన్ని కలకత్తాలో ఉండి పరిశీలించిన హెన్రీ పిడింగ్టన్, పాము చుట్టను సూచించే గ్రీకు మాట ఆధారంగా, 1840ల్లో ‘సైక్లోన్’ అనే పేరును వాడుకలోకి తెచ్చాడు. దాదాపు అదే కాలంలో, 1846లో, ఐర్లండులోని అర్మా వేధశాలకు చెందిన రాబిన్సన్ నాలుగు గిన్నెలు గాలికి తిరిగే వేగమాపకాన్ని, అంటే అనిమామీటరును, రూపొందించాడు. గిన్నెల పరిమాణం ఎంతైనా, గాలి ఎంత బలంగా వీచినా, గిన్నెలు గాలి వేగంలో మూడో వంతుతోనే కదులుతాయని ఆయన నమ్మాడు. గిన్నెల వేగాన్ని గాలి వేగంగా మార్చే గుణకం నిజానికి మూడు కన్నా తక్కువని, పైగా పరికరాన్నిబట్టి మారుతుందని తరవాత తేలడంతో, పాత నమోదుల్లోని వేగాలు చాలావరకు ఉన్నదానికన్నా ఎక్కువగా రాసినవేనని ఒప్పుకోవలసి వచ్చింది.

పరికరం సరిగా ఉన్నా చిక్కు తీరదు. గాలి ఒక్క తీరున వీచదు గనుక కొంత వ్యవధికి సగటు తీస్తారు; ఆ వ్యవధి అమెరికా సంస్థలకు ఒక నిమిషం, భారత వాతావరణ శాఖకు మూడు నిమిషాలు, ప్రపంచ వాతావరణ సంస్థ ప్రమాణంలో పది నిమిషాలు. వ్యవధి తగ్గినకొద్దీ అంకె పెరుగుతుంది. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన తుపాను హుద్‌హుద్‌కు భారత వాతావరణ శాఖ గరిష్ఠంగా గంటకు 185 కిలోమీటర్ల వేగం కడితే, అమెరికా సైన్యపు తుపాను కేంద్రం 215 కట్టింది. సగటు వ్యవధులు వేరైనప్పుడు, సముద్రం మీది వేగాన్ని ప్రధానంగా ఉపగ్రహ చిత్రాల్లోని మేఘాల ఆకృతినిబట్టి అంచనా కడుతున్నప్పుడు, ఈ రెండింటిలో ఏది నిజమని అడగడం కన్నా ఏది దేని సగటు అని అడగడమే సబబు.

భూమి మీదికి వచ్చాక తుపానుకు సముద్రపు తేమ అందదు, నేల ఒరిపిడి గాలిని కుంగదీస్తుంది. అది పీఠభూమికి చేరేసరికి గాలి చాలావరకు చచ్చిపోతుంది, వాన మాత్రం మిగులుతుంది. అందుకే 1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచిన మూసీ నది వరద గురించి మాట్లాడేవారెవరూ గాలి ఎంత వేగంతో వీచిందని అడగరు, శంషాబాదులో ఎన్ని అంగుళాలు కురిసిందని అడుగుతారు. అక్కడి వర్షమాపకం 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాలు చూపింది. నగరానికి ఎగువన 862 చదరపు మైళ్ల పరీవాహక ప్రాంతంలో 788 చెరువులు, అంటే దాదాపు చదరపు మైలుకు ఒకటి, గొలుసుకట్టుగా ఉండేవి. వాటిలో 221 చెరువులకు గండ్లు పడ్డాయి. పై చెరువు తెగితే ఆ నీరు కింది చెరువు కట్ట మీద పడుతుంది గనుక, కరువులో ఆదుకొనే ఆ గొలుసే ఆ రాత్రి వరదను పేర్చి పంపింది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి తోటలో ఒక చింతచెట్టు కొమ్మలు పట్టుకొని సుమారు 150 మంది బతికారు. తరవాత అక్కడే వెలసిన ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టు నిలిచింది.

మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం పిలుపు మీద వచ్చిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య, నగరం వద్ద వరద గరిష్ఠ ప్రవాహాన్ని సుమారు 4,25,000 క్యూసెక్కులుగా లెక్కించాడు. క్యూసెక్కంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. అంతటి వరదను పారుతుండగా కొలవడం ఎవరి తరమూ కాదు. గోడల మీద మిగిలిన బురద గీతలనుబట్టి నీటి మట్టాన్ని, నది వాలును, అడ్డుకోత వైశాల్యాన్ని తీసుకొని వేగాన్ని వెనక్కి లెక్కగట్టడమే ఇంజనీర్లకు ఉన్న దారి. మేఘాన్ని చూసి గాలి వేగం చెప్పడానికి, గోడ మీది మరకను చూసి నీటి వేగం చెప్పడానికి పద్ధతిలో పెద్ద తేడా లేదు: రెండూ ఆనవాళ్ల నుంచి చేసిన అంచనాలే. అయినా 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ జలాశయాలు పూర్తయింది ఇలాంటి లెక్కల ఆధారంగానే.

గాలి కొలబద్ద పాతబస్తీని ఎంతగా తప్పుదారి పట్టించగలదో 2020 అక్టోబరు చూపింది. 13న కాకినాడ సమీపంలో తీరం దాటినది తుపాను కూడా కాదు, తీవ్ర వాయుగుండం. అంటే గాలి గంటకు 62 కిలోమీటర్లకు చేరక, పేరు పెట్టే అర్హతైనా రానిది. గాలి ఒత్తిడి వేగపు వర్గాన్నిబట్టి పెరుగుతుంది గనుక, హుద్‌హుద్ ఒత్తిడిలో దానిది తొమ్మిదో వంతుకు మించదు. కానీ 14 ఉదయం ఎనిమిదిన్నరకు, వర్షమాపకంలో చేరిన నీటిని కొలజాడీలో పోసి చూసే వేళకు, బేగంపేటలో 19 సెంటీమీటర్లు, ఘట్‌కేసర్ పరిసరాల్లో సుమారు 32 సెంటీమీటర్లు నమోదయ్యాయి. ఆ వారంలోనే బాలాపూర్ గుర్రం చెరువుకు గండిపడి పాతబస్తీలోని హఫీజ్‌బాబానగర్ పరిసరాలు మునిగాయి.

శంషాబాదు 12.8 అంగుళాలను సెంటీమీటర్లలోకి మారిస్తే 32.5, ఘట్‌కేసర్ అంకెకు దాదాపు సమానం. ఈ సామ్యాన్ని చూసి రెండు వానలూ ఒకటేననుకోవడం తొందరపాటే అవుతుంది, ఎందుకంటే శంషాబాదు నగరానికి ఎగువన ఉంది, ఘట్‌కేసర్ దిగువన. 1908లో పడినది పాతబస్తీ పక్కన పురానాపూల్ వంతెన కిందుగా పోవలసిన నీరు. 2020లో ఘట్‌కేసర్‌లో పడినది నగరం వైపు రాని నీరు.