కళ్ళెలో దొరకని క్షయ

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ శానిటోరియం 1915లో మొదలైంది. అప్పటి చిత్తూరు జిల్లాలో క్రైస్తవ మిషన్లు కలిసి కట్టిన ఆసుపత్రి అది. డెన్మార్క్ డాక్టరు ఫ్రిమోట్-మోలర్ దాన్ని నడిపాడు. 1948లో మన దేశంలో బి.సి.జి. టీకాలు మొదట వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. 1950ల్లో ఇక్కడి డాక్టర్లు చుట్టుపక్కల పల్లెలు తిరిగి ఎక్స్‌రేలు తీశారు, కళ్ళె పరీక్షించారు.

ఈ చరిత్ర చదివినప్పుడల్లా మా పెద్దమ్మ గుర్తొస్తుంది నాకు. ఆమెకు ఏనాడూ దగ్గు లేదు. పిల్లలూ లేరు. గొడ్రాలన్నారు, పెదనాన్నకు మారుపెళ్ళి చేశారు. ఎన్నో ఏళ్ళకు, వేరే జబ్బుకని గర్భసంచి తీసినప్పుడు, పరీక్షకు పంపిన ముక్కలో క్షయ బయటపడింది.

క్షయ క్రిమి ఊపిరితిత్తుల నుంచి రక్తంలో కలిసి అండవాహికల్ని చేరుతుంది, వాటిని మూసేస్తుంది. చాలామందికి పైకి ఏ బాధా ఉండదు. 1882లో కాక్ ఈ క్రిమిని కనిపెట్టాక కళ్ళెలో దాన్ని చూడడమే నిర్ధారణకు ముఖ్య ఆధారమైంది. దగ్గేవాళ్ళ నుంచే రోగం అంటుకుంటుంది కాబట్టి ముందు వాళ్ళను వెతకడం న్యాయమే. అయితే ఎవరికీ అంటించకుండా ఆడవాళ్ళ కడుపులోనే ఉండిపోయిన క్షయ ఆ లెక్కల్లోకి రాలేదు. దానికి గర్భసంచి లోపొర ముక్క తీసి చూడాలి. క్రిములు తక్కువుంటే అందులోనూ దొరక్కపోవచ్చు.

రోగం ఉందనడానికి అన్ని రుజువులు కావాలి. పెద్దమ్మను గొడ్రాలనడానికి మాత్రం ఎవరూ ఒక్క పరీక్షా అడగలేదు. పెదనాన్నకూ చేయించలేదు. మన వైద్యచరిత్రలో ఈ పేజీ మనమే రాసుకోవాలి.