కొండచరియలు – తోటల చరిత్ర: మున్నార్ తేయాకు కార్మికుల నివాసాలపై ఒక పరిశీలన

‘ప్రకృతి వైపరీత్యం’ అనే మాట విపత్తు బాధ్యతనంతా ప్రకృతికే అప్పగిస్తుంది. కొండచరియ విరిగిపడటం ప్రకృతి పనే. అది పడే చోట ఎవరు నివసిస్తున్నారు, ఎందుకు నివసిస్తున్నారు అన్నవి మాత్రం చరిత్ర చెప్పవలసిన విషయాలు. కేరళలోని మున్నార్ తేయాకు తోటల ఆధారంగా ఈ భేదాన్ని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1877లో జాన్ డేనియల్ మన్రో పూంజార్ పాలకుల నుండి కన్నన్ దేవన్ కొండలను కౌలుకు పొందాడు. ఆపై అడవి నరికి తోటలు వేయడానికి తమిళ ప్రాంతాల నుండి కూలీలను రప్పించారు. వారిలో దళితులు అధికం. తోటల నడుమ వారికోసం వరుసగా కట్టిన ఇరుకు ఇళ్ళనే అక్కడ ‘లయాలు’ అంటారు. 1951 నాటి తోట కార్మికుల చట్టం గృహవసతిని యాజమాన్యాల బాధ్యతగా చేసింది. అది కార్మికులకు రక్షణే. అయినా ఇల్లు కొలువుతోనే ముడిపడి ఉండిపోయింది. తరాలు గడిచినా సొంత భూమి సమకూడని వారికి నివాసస్థలాన్ని ఎంచుకొనే అధికారం గాని, ప్రమాదం శంకించి తరలిపోయే వెసులుబాటు గాని లేకపోయింది.

ఈ కొండలకు విపత్తు కొత్త కాదు. 1924 జులైలో, అనగా కొల్లం శకం 1099లో, వచ్చిన వరదను కేరళీయులు ‘తొంభైతొమ్మిది వరద’గా నేటికీ స్మరిస్తారు. అది కుండల లోయ రైలుమార్గాన్ని ధ్వంసం చేసింది. రైలు మళ్ళీ రాలేదు. తోటలు కోలుకున్నాయి, లయాల వ్యవస్థా కొనసాగింది.

2020 ఆగస్టు 6 రాత్రి రాజమల సమీపంలోని పెట్టిముడిలో కొండచరియ విరిగి లయాలపై పడింది. 70 మంది మరణించారు. విద్యుత్తు, ఫోను సౌకర్యాలు స్తంభించడంతో మరునాటి ఉదయం గాని వార్త బయటికి తెలియలేదు. దారిలో పెరియవరై వంతెన కొట్టుకుపోయి సహాయం ఆలస్యమైంది. బంధువులు పక్కపక్క ఇళ్ళలోనే ఉండటం వల్ల కొన్ని కుటుంబాలు పలు తరాలను ఒక్కసారిగా కోల్పోయాయి.

అతివృష్టే కారణమని చెప్పి ఊరుకోవచ్చు. చరియ ఎందుకు విరిగిందో అతివృష్టి చెబుతుంది. మృతులందరూ ఒకే శ్రామికవర్గానికి చెందిన కుటుంబాలవారు కావడానికి కారణం అందులో దొరకదు. దాన్ని కౌలుపత్రాలలో, కూలీల వలసలో, కొలువుతో ముడిపడిన గృహవసతిలో వెదకాలి. విపత్తు అనంతరం సొంత భూమి, సొంత ఇల్లు కావాలన్న డిమాండు బలంగా వినిపించడం ఈ అన్వయాన్నే బలపరుస్తున్నది. కనుక కొండప్రాంతాల విపత్తుల చరిత్రను రాసేవారు వర్షపాత లెక్కల పక్కన భూహక్కుల చరిత్రనూ ఉంచి చదవడం అవసరం.